మూడు రోజుల సెలవు, ఒక మర్రిమాను

రెండో శనివారం, ఆదివారం, ఆపైన సోమవారం పండుగ కలిసొస్తే బ్యాంకు ఉద్యోగికి అంతకు మించిన బోనస్ లేదు. పిల్లలు ‘ఊటీ’ అన్నారు. మోకాళ్ల నొప్పుల అమ్మ మాత్రం ‘మీరు పోయి రండి నాయనా’ అంది. అమ్మను ఇంట్లో వదిలి వెళ్లే విహారాన్ని ఏ పద్దులో రాయాలి?

మా పావగడకు మూడు వైపులా ఆంధ్రమే కదా! శనివారం పొద్దున్నే కారులో పెనుకొండ మీదుగా కదిరి చేరాం. అక్కడికి సుమారు పాతిక కిలోమీటర్లలో తిమ్మమ్మ మర్రిమాను. దాదాపు ఐదెకరాల్లో పరుచుకున్న ఒక్కటే చెట్టు! దీన్ని లోకం దృష్టికి తెచ్చినవారు మా కర్ణాటక పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్. 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది.

కన్నడ మీడియంలో చదివే మా అమ్మాయి అక్కడి తెలుగు బోర్డు చదవలేక నా వైపు చూసింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అక్షరాలు మాత్రం రావు. తప్పు నాదే. అమ్మ ఊడల నీడన కూర్చుని, బోర్డులో లేని సంగతులు కూడా కలిపి తిమ్మమ్మ కథ చెప్పింది.

రాత్రికి హార్సిలీ హిల్స్. పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు సుమారు 4,100 అడుగులు. పైదాకా కారు వెళ్తుంది కనుక పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. గది ముందే మాట్లాడుకోండి, స్వెటర్లు మరవకండి.

సోమవారం రాత్రి ఇల్లు చేరాం. మంగళవారం సాయంత్రం నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి, పాత డైరీలో అవ్వా మనవరాలూ అ, ఆలు దిద్దుతున్నారు.