బీటిల్స్ విడిపోయాక లెనన్ ఏం పాడాడు?

1970 డిసెంబర్ 11న విడుదలైన ఒక ఇంగ్లిష్ ఆల్బమ్ చర్చి గంటతో మొదలవుతుంది. టేపు వేగం తగ్గించడం వల్ల ఆ మోత బరువుగా, చావు కబురులా వినిపిస్తుంది. గంట ఆగగానే ముప్పై ఏళ్ల మనిషి తల్లిని పిలుస్తాడు. అతను జాన్ లెనన్. ఆల్బమ్ పేరు ‘జాన్ లెనన్/ప్లాస్టిక్ ఓనో బ్యాండ్’. బీటిల్స్ బృందం విడిపోయిందన్న సంగతి లోకానికి తెలిసి అప్పటికి ఎనిమిది నెలలే.

ఈ ఆల్బమ్ ఎందుకు అంత పేరు పొందిందో మనకు వెంటనే అర్థం కాకపోవచ్చు. కారణం మనం పెరిగిన పాటలోనే ఉంది. మన సినిమా పాటను ఒకరు రాస్తారు, మరొకరు బాణీ కడతారు, ఇంకొకరు పాడతారు, తెర మీద వేరొకరు పెదవులు కదుపుతారు. ఆ పాటలో ‘నేను’ అన్న మాట ఎవరిదని అడిగితే, కథలోని హీరోది అనే చెప్పాలి. ఘంటసాల గొంతులో ఎంత దుఃఖం పలికినా అది ఘంటసాల సొంత దుఃఖమని ఎవరూ అనుకోరు. లెనన్ ఆల్బమ్‌లో రాసినవాడు, కట్టినవాడు, పాడినవాడు ఒక్కడే. ‘నేను’ అంటే అతనే. ‘అమ్మ’ అంటే లివర్‌పూల్‌లో చనిపోయిన జూలియానే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని వింటే తక్కినదంతా తెరుచుకుంటుంది.

లెనన్ తండ్రి ఓడల్లో పనిచేసేవాడు. ఇంటిపట్టున ఉన్నది తక్కువ. పిల్లవాడు చిన్నతనంలోనే పెద్దమ్మ మిమీ ఇంటికి చేరాడు. తల్లి జూలియా అప్పటికి చనిపోలేదు, దూరదేశం పోలేదు. అదే ఊళ్లో మరో మనిషితో వేరే కాపురం పెట్టింది. బడి వయసు దాటుతుండగా ఆమె మళ్లీ కొడుక్కి దగ్గరైంది. బ్యాంజో మీద వేళ్లు ఎలా పెట్టాలో నేర్పింది. 1958 జూలై 15న అక్క ఇంటికి వచ్చి తిరిగి వెళ్తూ రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. ఆ కారు నడిపినవాడు డ్యూటీలో లేని పోలీసు. లెనన్‌కు అప్పటికి 17 ఏళ్లు. ఒకే తల్లిని రెండుసార్లు పోగొట్టుకున్నాడు.

బీటిల్స్ బృందంలో అతని జోడీ పాల్ మెకార్ట్‌నీ కూడా తల్లి లేని పిల్లవాడే. 1956లో తల్లి మేరీ పోయేనాటికి అతనికి 14 ఏళ్లు. ఇద్దరి స్నేహానికి ఈ లోటు కూడా ఒక ముడి వేసింది. 1970లోనే వచ్చిన పాల్ పాట ‘లెట్ ఇట్ బీ’లో కలలో కనిపించిన తల్లి కొడుకును ఓదారుస్తుంది. అదే ఏడాది లెనన్ పాట ‘మదర్’లో ఓదార్పు లేదు. నన్నెందుకు వదిలేశావన్న నిలదీత ఉంది. ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి వింటే, ఆ ఇద్దరూ ఎందుకు కలిసి రాయగలిగారో, ఎందుకు విడిపోక తప్పలేదో ఏ జీవితచరిత్ర కన్నా బాగా తెలుస్తుందని నా నమ్మకం.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు. అక్కడ స్కాటిష్ గాయకుడు డోనవన్ దగ్గర లెనన్ గిటారు తీగలను వేలి కొసలతో మీటే పద్ధతి నేర్చుకున్నాడు. ఆ పద్ధతిలోనే తల్లి పేరు మీద ‘జూలియా’ అనే మెత్తని పాట కట్టాడు. కానీ ఏప్రిల్‌లో మహర్షి మీద నమ్మకం పోయి ఆశ్రమం విడిచి వెళ్లిపోయాడు. రెండేళ్ల తర్వాత వచ్చిన ఈ ఆల్బమ్‌లో ‘గాడ్’ అనే పాట ఉంది. తాను ఇక నమ్మనివాటిని అందులో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతాడు. బైబిల్, ఏసు, బుద్ధుడు, మంత్రం, గీత, యోగా, రాజులు, ఎల్విస్ ప్రెస్లీ, అందరి తర్వాత బీటిల్స్. ఆ చివరి పేరు దగ్గర వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఒక్క క్షణం నిశ్శబ్దం. గీత పేరు విని మనవాళ్లు నొచ్చుకోవచ్చు. అది గీత మీద తీర్పు కాదు. తాను ఊతకర్రగా పట్టుకున్న ప్రతిదాన్నీ ఒక మనిషి కింద పెట్టేస్తున్నాడు. తనకు పేరు ప్రతిష్ఠలు తెచ్చిపెట్టిన బృందాన్ని కూడా.

ఈ పాటల వెనక ఒక చికిత్స ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త ఆర్థర్ జానోవ్ ‘ప్రైమల్ స్క్రీమ్’ పుస్తకం చదివి, లెనన్, అతని భార్య యోకో ఓనో 1970లో జానోవ్ దగ్గర చికిత్సకు కుదిరారు. మొదట ఇంగ్లండులో, తర్వాత లాస్ ఏంజెలిస్‌లో కొన్ని నెలలు సాగింది. పసితనంలో మింగేసిన బాధను గుర్తు చేసుకుని గొంతెత్తి ఏడవడమే అందులో ముఖ్యం. శాస్త్రపరంగా ఆ పద్ధతి నిలబడలేదు. కానీ పాటగాడికి అది తాళం తీసి ఇచ్చింది.

గోదావరి పక్కన బాబ్లీ, ధర్మాబాద్, బాసర వైపు ఊళ్లవాళ్లకు ఈ ఏడుపు కొత్తగా అనిపించదు. మన పల్లెల్లో చావింట ఆడవాళ్లు శోకాలు పెడతారు. పోయినవాళ్లను వరస పెట్టి పిలుస్తారు, నన్నెవరికి అప్పజెప్పి పోయావని నిలదీస్తారు, వాళ్లు చేసినవీ చేయనివీ రాగం తీసి చెబుతారు. నలుగురూ కూర్చుని వింటారు, ఎవరూ తప్పు పట్టరు. ‘మదర్’ చివర లెనన్ చేసేది అదే. తల్లిని వెళ్లొద్దని, తండ్రిని ఇంటికి రమ్మని ఒకే మాటను పదే పదే అంటాడు. అన్న ప్రతిసారీ గొంతు ఇంకాస్త చీలుతుంది, రాగం కాస్తా అరుపవుతుంది. 17 ఏళ్లప్పుడు ఏడవాల్సిన ఏడుపును 30 ఏళ్లకు స్టూడియోలో ఏడ్చాడు.

అయితే ఇది అదుపు తప్పిన ఏడుపు కాదు. దీని వెనక గట్టి పనితనం ఉంది. 1970 సెప్టెంబర్ చివర మొదలుపెట్టి అక్టోబర్‌లో లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో రికార్డు చేశారు. డ్రమ్స్ మీద బీటిల్స్ సహచరుడు రింగో స్టార్, బేస్ మీద క్లౌస్ వూర్మన్, పియానో లేదా గిటారు పట్టుకుని లెనన్. చాలా పాటల్లో ఇంతే. ‘గాడ్’లో పియానో బిల్లీ ప్రెస్టన్‌ది. లెనన్, యోకోలతో పాటు నిర్మాత ఫిల్ స్పెక్టర్. పదుల వాద్యాలను ఒకదాని మీద ఒకటి పేర్చి గోడలా ధ్వనింపజేయడంలో పేరున్నవాడు. అతనే అదే ఏడాది మరో బీటిల్ జార్జ్ హారిసన్ మూడు రికార్డుల ఆల్బమ్ ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ను అలా నింపాడు. ఇక్కడ మాత్రం అంతా ఖాళీ. ‘మదర్’లో పియానో ఒక మెట్టు పలికి అది ఆరిపోయేదాకా ఆగుతుంది. రింగో డ్రమ్ము దెబ్బ తక్కువ, తూకం ఎక్కువ. గొంతు దాక్కోవడానికి ఎక్కడా చోటు లేదు. తన గొంతు నచ్చక దాన్ని రెండు పొరలుగా వినిపించమని ఇంజినీర్ల వెంటపడిన మనిషి ఇంత బట్టబయలుగా పాడటమే ఈ ఆల్బమ్‌లో పెద్ద తెగింపు.

11 పాటల్లో అన్నీ అరుపులే అనుకోవద్దు. ‘లవ్’ లాలిపాటంత మెత్తన. ‘వర్కింగ్ క్లాస్ హీరో’లో ఒక్క గిటారే. బడి, ఇల్లు, ఉద్యోగం కలిసి పేదింటి పిల్లవాణ్ని ఎలా వంచుతాయో అందులో చెబుతాడు. ఆ పాటలోని బూతుమాటను కంపెనీ అట్ట మీద అచ్చు వేయలేదు. చివరి పాట నిమిషం కూడా ఉండదు. నాసిరకం టేపు మీద, పిల్లల పాట బాణీలో, అమ్మ పోయిందని చెప్పి ముగిసిపోతుంది.

మనకు ఇలాంటి సొంత గొడవ పాట బొత్తిగా లేదనలేం. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న రాముణ్ని నిలదీశాడు. నీ నగలకు ఇంత ఖర్చయింది, ఎవరి సొమ్మని కులుకుతున్నావని లెక్క అడిగి, మళ్లీ దెబ్బలకు తాళలేక తిట్టానని మన్నించమన్నాడు. ఆ కోపం, ఆ వేడుకోలు గోపన్నవే, వేరే పాత్రవి కావు. కాకపోతే వినడానికి అతనికి రాముడున్నాడు. లెనన్‌కు ఆ చోట ఎవరూ లేరు. తనూ యోకో మాత్రమే అంటాడు.

ఆల్బమ్ బ్రిటన్‌లో 8వ స్థానం, అమెరికాలో 6వ స్థానం దాకా వెళ్లింది. హారిసన్‌ది రెండు చోట్లా మొదటి స్థానం అందుకుంది. మరుసటి ఏడాది ‘ఇమాజిన్’తో లెనన్ తన మాటకు తీపి పూశాడు, లోకం అక్కున చేర్చుకుంది. మనవాళ్లలో చాలామందికి లెనన్ అంటే ఆ పాటే. అది మంచి పాటే కానీ, అతని సోలో పాటల్లో నేను ముందు పెట్టేది మాత్రం ఈ 1970 ఆల్బమ్‌నే. మొత్తం 40 నిమిషాల లోపే. ఇంగ్లిష్ కష్టమనిపిస్తే పాటల మాటలు ముందు పెట్టుకోండి, చాలావరకు బడిపిల్లల మాటలే. పాటల వరస మార్చకుండా, మధ్యలో ఆపకుండా, గంట మోత నుంచి చివరి పాట దాకా ఒక్కసారి వినండి.