పత్తిగింజల కొవ్వు – నూనె మిశ్రమాలలో స్ఫటికీకరణ: ఒక వివరణ

1. ఉపోద్ఘాతం:

గుంటూరును ఆనుకొని ఉన్న నల్లపాడు ప్రాంతం నల్లరేగడి నేలలకు నెలవు. పత్తి, మిరప ఇక్కడి ప్రధాన వాణిజ్య పంటలు. దూది తీయగా మిగిలిన పత్తిగింజ నూనెను, పశువుల మేతకు చెక్కను ఇస్తుంది. ఈ నూనె గడ్డకట్టే తీరుకు ఇటీవల ప్రాధాన్యం పెరిగింది. వనస్పతిని గట్టిపరచడానికి వాడిన పాక్షిక హైడ్రోజనీకరణ ట్రాన్స్ కొవ్వులను పుట్టిస్తుంది. 2022 జనవరి నుండి నూనెలు, కొవ్వులలో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వులకు భారతదేశంలో 2 శాతం పరిమితి అమలులోకి వచ్చింది. అందువల్ల గట్టి కొవ్వును ద్రవనూనెతో కలిపే పద్ధతి ఒక ముఖ్యమైన ప్రత్యామ్నాయమైంది.

2. మూడు స్ఫటిక రూపాలు:

ఒకే ట్రైగ్లిసరైడ్ ఆల్ఫా, బీటా ప్రైమ్, బీటా అనే మూడు రూపాలలో స్ఫటికీకరించగలదు. ఉదాహరణకు, ట్రైపామిటిన్ ఈ రూపాలలో వరుసగా సుమారు 45, 57, 66 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. వేగంగా చల్లార్చినప్పుడు అస్థిరమైన ఆల్ఫా ముందు ఏర్పడి, క్రమంగా స్థిరమైన రూపాలకు మారుతుంది. సన్నని బీటా ప్రైమ్ స్ఫటికాలు ద్రవనూనెను తమ అల్లికలో నిలుపుకొని కొవ్వుకు నునుపునిస్తాయి. బీటా స్ఫటికాలు పెద్దవి. అవి పెరిగితే కొవ్వు రవ్వకట్టి నూనె వేరుపడుతుంది.

3. మిశ్రమ స్వభావం:

పత్తిగింజల నూనెలోని కొవ్వు ఆమ్లాలలో పామిటిక్ ఆమ్లం దాదాపు నాలుగోవంతు. పొద్దుతిరుగుడు నూనెలో అది సుమారు 6 శాతమే. పూర్తిగా హైడ్రోజనీకరిస్తే ట్రాన్స్ బంధాలు దాదాపు మిగలవు. అప్పుడు పొద్దుతిరుగుడు కొవ్వులో అధికభాగం ట్రైస్టియరిన్ అవుతుంది. ఒకే పొడవున్న గొలుసులు చక్కగా అమరి బీటా రూపానికి దారితీస్తాయి. పత్తిగింజల కొవ్వులో 16, 18 కార్బన్ల గొలుసులు కలగలసి ఉండటం ఆ అమరికకు ఆటంకమై, బీటా ప్రైమ్ రూపాన్ని నిలుపుతుంది. ద్రవనూనె కలిపినప్పుడు గట్టి కొవ్వు కొంత అందులో కరగి, స్ఫటికీకరణ ఉష్ణోగ్రత తగ్గుతుంది. అణువుల కదలిక పెరిగి రూపమార్పు సులభమవుతుంది. కాబట్టి గట్టి కొవ్వు ఎంపికే మిశ్రమం నిలకడకు కీలకం.

4. ముగింపు:

గుంటూరు వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. నిల్వ ఉన్న కొవ్వు పగలు కొంత కరగి, రాత్రి నెమ్మదిగా గడ్డకడితే స్ఫటికాలు ముతకబారతాయి. అందువల్ల ఘనకొవ్వు శాతాన్ని కొలవడం ఒక్కటే చాలదు. ఎక్స్-కిరణ వివర్తనంలో 4.2, 3.8 ఆంగ్‌స్ట్రామ్‌ల రేఖలు బీటా ప్రైమ్‌ను, 4.6 రేఖ బీటాను సూచిస్తాయి. పగలు–రాత్రి ఉష్ణోగ్రతల చక్రానికి లోనుచేసిన తరువాత ఈ పరీక్ష జరిపితేనే, ఒక మిశ్రమం ఈ ప్రాంతపు ఎండకు తగినదో కాదో నిర్ధారించవచ్చు.