మీకు తెలుసా? ఐదు వాక్యాల ఉత్తరం కథ

1980 జనవరిలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఐదే ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. మత్తు కలిగించే నొప్పి మందులు వాడిన 11,882 మందిలో వాటికి కొత్తగా బానిసలైనట్టు తేలింది నలుగురేనని జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ అందులో రాశారు. కానీ వాళ్లంతా ఆసుపత్రి మంచం మీదున్న రోగులు. ఏళ్ల తరబడి నడుంనొప్పితో ఇంట్లో మాత్రల సీసా పెట్టుకున్నవాళ్లు కారు.

ఆ తేడా ఎవరికి పట్టింది? 608 వ్యాసాలు ఆ ఉత్తరాన్ని పేర్కొన్నాయి. పదింట ఎనిమిది ‘ఆసుపత్రి’ మాటే ఎత్తలేదు! 1996లో ఆక్సికాంటిన్ అనే అలాంటి నొప్పి మందు బజారుకొచ్చాక, బానిసయ్యే ప్రమాదం ఒక శాతంలోపేనని దాని కంపెనీ ప్రతినిధులు డాక్టర్లకు చెప్పుకుంటూ తిరిగారు. పత్రిక ఆ ఉత్తరానికి హెచ్చరిక తగిలించింది 2017లో, అంటే 37 ఏళ్లకు.