ఏ పేరు ఆమెది?

పురుషనామము చాటున స్త్రీలు గ్రంథములు వ్రాసిన వృత్తాంతము పందొమ్మిదవ శతాబ్దపు యూరపుఖండమున అరుదైనది కాదు. పరాసు దేశమున 1832లో ‘ఇండియానా’ నవలపై జార్జి సాండ్ అని వ్రాసికొన్నది అరోర్ ద్యుపాన్ అను స్త్రీయే. 1846లో బ్రాంటీ సోదరీమణులు మువ్వురును బెల్ అను ఇంటిపేరు పెట్టుకొని పద్యములు ప్రకటించిరి. ఇంతవరకు లోకవిదితమే. ఆంగ్ల నవలాకర్త్రి జార్జి ఎలియట్ కథ మాత్రము వేఱు. ఆమె పెట్టుకొన్న మగపేరును లోకము నిజముగా ఒక మగవానికే కట్టబెట్టినది.

ఆమె 1819లో జన్మించెను. తల్లిదండ్రులిడిన పేరు మేరీ ఆన్ ఎవాన్స్. స్ట్రౌస్ రచించిన క్రీస్తు చరిత్రను జర్మను భాషనుండి ఆంగ్లీకరించి 1846లో ప్రకటించినపుడు పుస్తకముపై ఆమె పేరే లేదు. తరువాత ‘వెస్ట్‌మినిస్టర్ రివ్యూ’ పత్రికా నిర్వహణభారమును చాలవరకు ఆమెయే మోసెను. సంపాదకుడను ఖ్యాతి చాప్‌మన్‌ది. పనిచేయువారొకరు, పేరుపొందువారొకరు అగుట పత్రికాలయములందు మాకు వింతగాదు! 1854లో ఫోయర్‌బాఖ్ గ్రంథానువాదముపై మాత్రము మేరియన్ ఎవాన్స్ అని సొంతపేరు వేయించెను. ఆ యేడే, భార్య జీవించియున్న జార్జి లూయిస్‌తో కాపురము పెట్టుటచే ఆ పేరు అపవాదమునకు గురియయ్యెను. 1857లో కథలు ప్రకటింప మొదలిడినపుడు మారుపేరు ధరించుటకు ఇదియొక కారణము. స్త్రీల నవలలన్నచో విమర్శకులకు గల చులకన మఱియొకటి. ఆ చులకనలో ఆమెకును పాలు కలదు. 1856లో అట్టి నవలలను చీల్చి చెండాడుచు వ్యాసము వ్రాసినది తానే.

1859లో ‘ఆడమ్ బీడ్’ నవల వెలువడి దేశమంతట కీర్తి పొందెను. అంత నునీటన్ ప్రాంతమున జోసెఫ్ లిగ్గిన్స్ అనువాడే ఎలియట్ అని వదంతి బలపడినది. అతడు కాదనలేదు. ప్రకాశకులు అతనికి ఏమియు ఈయలేదని జాలిపడి అభిమానులు చందాలకు గూడ పూనుకొనిరి. ఒక మతాచార్యుడు అతడే కర్తయని ‘టైమ్స్’ పత్రికకు వ్రాసెను; ఎలియట్ ఖండించెను. కాని ముసుగులోనుండి చేయు ఖండనమునకు బలమెక్కడిది? ఆ యేడే రహస్యము విప్పక తప్పలేదు. 1858లోనే డికెన్సు మహాశయుడు, ఈ కథలు వ్రాసినది స్త్రీయే యై యుండవలెనని ఎలియట్ పేరిటనే లేఖ వ్రాసియుండెను. పేరు చూచి మోసపోని చదువరి ఒక్కడైన నుండెనని మేము సంతసించుచున్నాము.

2020లో ఇంగ్లండున స్త్రీల నవలా బహుమానమును నడపువారు, మగపేళ్లతో వెలువడిన ఇరువదియైదు పుస్తకములను రచయిత్రుల అసలు పేళ్లతో ప్రకటించిరి. అందు ‘మిడిల్‌మార్చ్’పై మేరీ ఆన్ ఎవాన్స్ అని వేసిరి. ఉద్దేశము మంచిదే, దీనికి మాత్రము మేము సమ్మతింపజాలము. ఆ నవల వెలువడిన 1871-72 నాటికి ఎలియట్ స్త్రీయని లోకమెఱుగును. దాచవలసినదేమియు లేకున్నను ఆమె ఆ పేరు విడువలేదు. విడిచినది ఎవాన్స్ అను పేరునే. తన్ను మిసెస్ లూయిస్ అనుడని మిత్రులను కోరెను. లూయిస్ గతించిన పిదప 1880లో జాన్ క్రాస్‌ను వివాహమాడి, ఆ డిసెంబరులోనే మరణించెను. ఎవాన్స్ తండ్రి యిచ్చినది, క్రాస్ భర్త యిచ్చినది. తన కలముతో ఆర్జించినది ఎలియట్ ఒక్కటే. హైగేట్ శ్మశానమున ఆమె సమాధిపై ముందు జార్జి ఎలియట్ అనియు, దాని క్రింద మేరీ ఆన్ క్రాస్ అనియు చెక్కియున్నది.