క్యాజువాల్టీ సిస్టర్... ఉంటుందా? వెళ్లిపోతుందా?

అర్ధరాత్రి దాటింది. కుయ్‌కుయ్‌మంటూ 108 వచ్చి ఆగింది. పురుగుల మందు తాగిన కుర్రాణ్ని స్ట్రెచర్ మీద లోపలికి తెచ్చారు. ఒక సిస్టర్ నరం వెతికి సెలైన్ ఎక్కిస్తోంది. ఇంకో సిస్టర్ పక్క మంచం మీది పెద్దాయనకు ఈసీజీ తీస్తోంది. ఇంతలో వేలు తెగి వచ్చినతని తాలూకు మనిషి బల్ల చరిచాడు... ‘గంట నుంచీ కూర్చున్నాం. మమ్మల్ని పట్టించుకునేవాళ్లే లేరా?’

ఏ పెద్దాసుపత్రిలోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఇలాంటి రాత్రుల్ని ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చే నర్సులున్నారు. రెండేళ్లకే రాజీనామా చేసేవాళ్లూ ఉన్నారు. తేడా ఎక్కడుంది?

జీతం ఒక్కటే కాదు

జీతం తక్కువన్నది నిజమే. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో ఏర్పాటైన కమిటీ, ప్రైవేటు నర్సులకు నెలకు కనీసం 20 వేల రూపాయలు ఇవ్వాలంది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. అది కాగితం మీదే మిగిలిన చోట్ల చాలామంది చూపు గల్ఫ్, బ్రిటన్, జర్మనీల మీదే.

అయితే డబ్బుకన్నా ముందు మనిషిని అలసిపోయేలా చేసేది పని భారం. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. ఒక్కో నర్సుకు ఒక్క రోగి పెరిగినా ఆమె పూర్తిగా డీలాపడే అవకాశం 23 శాతం, ఆపరేషన్ అయిన రోగి నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతున్నాయని తేల్చిందది. కాలిఫోర్నియాలో 2004 నుంచి అత్యవసర విభాగంలో నలుగురు రోగులకు ఒక నర్సు ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. మన క్యాజువాల్టీల్లో మంచాలు నిండితే రోగులు నేల మీదే. అంటే... నర్సు వెళ్లిపోవడం ఆమె ఇంటి సమస్య మాత్రమే కాదు, రేపు ఆ మంచం మీదుండే మనదీ!

ఉండేవాళ్లు ఎందుకుంటారు?

ఈ వార్డులో చేసిన పనికి ఫలితం కళ్లెదుటే కనిపిస్తుంది. పురుగుల మందు కేసులో అట్రోపిన్ ఇస్తూ నాడి, కంటిపాప, ఊపిరి గమనిస్తూ కూర్చున్న సిస్టర్‌కు, తెల్లారేసరికి ఆ కుర్రాడు ‘మంచినీళ్లు’ అని అడిగితే అంతకన్నా ఏం కావాలి?

ఆ తృప్తి ఒక్కటే ఏళ్ల తరబడి నిలబెట్టలేదు. డ్యూటీల పట్టిక ముందే తెలియాలి. వరుస నైట్ల తర్వాత సెలవు ఉండాలి. చేతుల్లోనే ఒక ప్రాణం పోయిన రాత్రి ‘పదమ్మా, టీ తాగొద్దాం’ అనే ఇన్‌ఛార్జి సిస్టర్ ఉండాలి. ఎవరైనా చెయ్యి చేసుకుంటే ఆసుపత్రే ఫిర్యాదు చేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో చేసిన చట్టం ప్రకారం నర్సుల మీద దాడికి మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా ఉంటాయి. యాజమాన్యం రాజీ కుదిర్చి పంపేస్తే మాత్రం ఆ చట్టం ఎవరికి అక్కరకొస్తుంది?

మన వంతుగా...

* క్యాజువాల్టీలో వరుస ముందొచ్చినవాళ్లది కాదు, ప్రాణాపాయం ఎక్కువున్నవాళ్లది. మిమ్మల్ని కాసేపు కూర్చోబెట్టారంటే మీవారు కాస్త క్షేమమనే!
* రోగి వెంట ఒక్కరే లోపలికి వెళ్లండి.
* వాడే మందుల చీటీ తీసుకెళ్లండి. పురుగుల మందు కేసైతే ఆ డబ్బానూ వెంట తీసుకెళ్లండి.
* నొప్పి ఎప్పుడు మొదలైందో, ఏం తిన్నారో, ఏం తాగారో దాచకుండా చెప్పండి.

బల్ల చరచిన మనిషికీ చివరికి కట్టు కట్టింది ఆ సిస్టరే. ఆమె వచ్చే ఏడాది కూడా అక్కడే ఉండాలంటే జీతం, సెలవు, రక్షణ ఆసుపత్రి ఇవ్వాలి. మర్యాద మాత్రం మన చేతిలోదే.