సముద్రం అడుగున లాగ్ ఫైల్

సర్వర్ పడిపోతే మనం ముందు ఏం చూస్తాం? లాగ్స్. స్క్రీన్ మీద ఇప్పుడు అంతా బాగానే కనబడచ్చు, కానీ రాత్రి రెండు గంటలకి ఏం జరిగిందో లాగ్‌లోనే ఉంటుంది. తీరం దగ్గర సముద్రం సంగతీ ఇంతే. నీళ్ళు ఇప్పటి స్క్రీన్, అడుగున ఉన్న బురద లాగ్ ఫైల్.

రాగి, జింకు, సీసం, పాదరసం లాంటి లోహాలు సముద్రపు నీళ్ళలో చాలా తక్కువ ఉంటాయి. లీటరుకి మైక్రోగ్రాముల్లో, కొన్నైతే నానోగ్రాముల్లో. అడుగున మట్టిలో మాత్రం వేల, లక్షల రెట్లు ఎక్కువ. ఎందుకంటే ఇవి నీళ్ళలో ఒంటరిగా తిరగడానికి ఇష్టపడవు. బంకమట్టి రేణువులకి, ఇనుము తుప్పుకి, కుళ్ళిన ఆకుల ముక్కలకి అతుక్కుపోతాయి. నది వచ్చి ఉప్పునీళ్ళలో కలిసే చోట ఆ సన్నటి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, కిందకి దిగిపోతాయి. కాడ్మియం కొంచెం తేడా. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మళ్ళీ నీళ్ళలోకి లాగుతుంది.

అందుకే నీళ్ళ శాంపిల్ ఒక్కటే పరీక్ష చేసి "అంతా క్లీన్" అంటే నేను నమ్మను. నిన్నటి కాలుష్యాన్ని అలలు ఎప్పుడో పంచేసుంటాయి. బురద అంత తొందరగా వదలదు.

జపాన్‌లో మినమాట కథ మనందరికీ ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్‌లో రెండు మార్కుల ప్రశ్న. పరీక్ష ముందురోజు రాత్రి చదివి వదిలేస్తాం. అసలు విషయం ఆ రెండు మార్కుల్లో లేదు. అక్కడ చిస్సో కంపెనీ 1932 నుంచి అసిటాల్డిహైడ్ తయారు చేసేది, దానికి పాదరసం ఉత్ప్రేరకం. ఆ ప్రాసెస్‌లోనే పుట్టిన మిథైల్ మెర్క్యురీ కాలువ గుండా బేలోకి పోయింది. అక్కడి చేపలు తిన్నవాళ్ళకి చేతులు వణకడం, మాట తడబడడం, చూపు తగ్గడం. పిల్లులైతే గిలగిలా కొట్టుకుని చచ్చిపోయేవి. 1956లో ఈ జబ్బు అధికారికంగా బయటపడింది. కారణం సేంద్రియ పాదరసం అని కుమామోటో యూనివర్సిటీ వాళ్ళు 1959లో చెప్పారు.

వాళ్ళకి దారి చూపించిన వాటిలో బురద ఒకటి. ఫ్యాక్టరీ కాలువ నోటి దగ్గర కిలో బురదలో సుమారు 2 గ్రాముల పాదరసం దొరికింది. దూరం వెళ్ళేకొద్దీ తగ్గుతూ పోయింది. ఇంతకన్నా స్పష్టంగా వేలు చూపించే సాక్షి ఉంటుందా? అయినా ఆ ఉత్పత్తి ఆగింది 1968లో. మధ్యలో పోయిన తొమ్మిదేళ్ళు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఫ్యాక్టరీ ఆపగానే కథ అయిపోలేదు. పాదరసం అడుగునే ఉంది. 1977 నుంచి 1990 దాకా, 25 పీపీఎం దాటిన బురదని తోడి, బేలో కొంత భాగం పూడ్చి, పైన మంచి మట్టి కప్పారు. సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల బురద, 58 హెక్టార్ల కొత్త నేల. ఇప్పుడు అక్కడ పార్కు ఉంది. బురద దాని కిందే ఉంది.

తోడడం కూడా అంత తేలిక పని కాదు. బురదలో కాస్త కిందకి వెళ్తే ఆక్సిజన్ ఉండదు. అక్కడి బ్యాక్టీరియా వదిలే సల్ఫైడ్‌తో లోహాలు కలిసి బందీలైపోతాయి. నల్లబురదకి కుళ్ళిన గుడ్ల వాసన కూడా ఈ సల్ఫైడ్ వల్లే. దాన్ని కెలికితే గాలి తగిలి, బందీలు మళ్ళీ బయటకొస్తాయి.

ఇక మనవైపు వద్దాం. గోదావరి పైభాగం చాలావరకు దక్కన్ బసాల్ట్ మీద పారుతుంది. ఆ నల్లరాయిలో రాగి సహజంగానే ఎక్కువ. కాబట్టి గోదావరి ఒండ్రులో దొరికిన రాగిని ప్రపంచ సగటుతో పోల్చి "ఎక్కువుంది, కాలుష్యం" అని హెడ్‌లైన్ పెడితే, రాయి చేసిన పనికి ఎవరో తిట్లు తింటారు.

రివర్స్‌లో కూడా మోసపోవచ్చు. ఊహించిన అంకెలతో చూద్దాం. బంకమట్టిలో కిలోకి 100 మిల్లీగ్రాముల జింకు, 8 శాతం అల్యూమినియం. ఇసుకలో 60 మిల్లీగ్రాముల జింకు, 2 శాతం అల్యూమినియం. చూడగానే బంకమట్టే మురికి అనిపిస్తుంది. కానీ అల్యూమినియం ప్రధానంగా మట్టి రేణువుల్లోంచే వస్తుంది, మనుషులు కలిపేది దాని ముందు లెక్కలోకి రాదు. అందుకని దానితో భాగిస్తారు. మొదటిది 12.5, రెండోది 30. అనుమానించాల్సింది ఇసుకని! మనం డేటాకి చేసే నార్మలైజేషనే ఇది.

మరి పోల్చడానికి అసలు విలువ ఎక్కడిది? అదే చోట గొట్టం దించి, పొరలు చెదరకుండా తీసిన మట్టి కడ్డీలో అడుగు భాగం. పురుగులూ తవ్వకాలూ కలిపేయకపోతే, పొరల వయసు సీసం-210తో లెక్కేస్తారు. దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్ళు, కాబట్టి వందేళ్ళ పైచిలుకు వెనక్కి వెళ్ళచ్చు. అంటే ఆ ఒడ్డున ఫ్యాక్టరీలు రాకముందు పేరుకున్న పొర దాకా.