దీపం పనికిరాని చోట

విశాఖపట్నం: పాడుబడ్డ నూతిలో పూడిక తీయడానికి మనిషిని దించేముందు తాడుకు లాంతరు కట్టి దింపి చూడడం పల్లెల్లో పాత అలవాటు. లాంతరు ఆరిపోతే ఆ పూట ఎవరూ దిగరు. అడుగున పేరుకున్న బొగ్గుపులుసు వాయువు గురించి పుస్తకాల్లో చదవకపోయినా పెద్దలకు సంగతి తెలుసు.

భీమిలి, పద్మనాభం, ఆనందపురం, పెందుర్తి వైపుల నుంచి పొద్దున్నే బస్సెక్కి పోర్టుకో, షిప్‌యార్డుకో, ఉక్కు ఫ్యాక్టరీకో కాంట్రాక్టు పనికి పోయే కుర్రవాళ్లకు ఆ తెలివి ఒక్కటే చాలదు. పెట్రోలు మోసిన ట్యాంకులో, రంగు వేస్తున్న ఓడ గదిలో మండే ఆవిరి నిండి వుంటుంది. అక్కడ లాంతరు దించితే అదే చావు. లాంతరు దాకా ఎందుకు, బీడీ నిప్పు చాలు. మరికొన్ని చోట్ల దీపం చక్కగా వెలుగుతూనే వుంటుంది, మనిషి మాత్రం పడిపోతాడు.

ఇది ఉక్కు ఫ్యాక్టరీలో వుండే భయం. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుము తయారయ్యేటప్పుడు వచ్చే గ్యాసును గొట్టాల్లో పట్టి ఫ్యాక్టరీలోనే ఇంధనంగా వాడతారు. అందులో ఐదో వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, కార్బన్ మోనాక్సైడ్ వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి వస్తుంది, ఒంట్లో సత్తువ పోతుంది. ఎండదెబ్బ అనుకుని అక్కడే కూర్చుంటే మళ్లీ లేవడం వుండదు. దాన్ని పసిగట్టేది చొక్కాకు తగిలించుకునే చిన్న మీటరే.

ఓడలో తీరు వేరు. అడుగు గదిలో పోసిన బొగ్గు అక్కడి గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లగా తినేస్తుంది. మూసి వుంచిన ట్యాంకులో ఇనుము తుప్పు పట్టినా అంతే. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లు. అది 19.5 కంటే తగ్గితే ప్రమాదమని లెక్క. నిచ్చెన దిగిన కళాసీ కూలిపోతే పైనున్నవాడు చూస్తూ ఆగడు. పడినవాడు తమ్ముడో బావమరిదో అయితే అసలే ఆగడు. రక్షించబోయినవాళ్లు ఒకరి వెంట ఒకరు చనిపోవడం ప్రపంచమంతటా ఇలాంటి ప్రమాదాల్లో కనిపించేదే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనులో ఇందుకు రాసిన జాగ్రత్త పల్లెవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. గాలిని పరీక్షించిన నిపుణుడు రాసి ఇచ్చిన కాగితం వుండాలి. లేకపోతే దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టు వుండాలి, బెల్టుకు కట్టిన తాడు కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో వుండాలి. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. చట్టం మారినా తాడు కొస బయటివాడి చేతిలో వుండవలసిందే.

పెద్ద ప్రమాదాలు రెంటిని చూస్తే మరో సంగతి తెలుస్తుంది. 2012 జూన్ 13న ఉక్కు ఫ్యాక్టరీ కొత్త విభాగంలో ఆక్సిజన్ వ్యవస్థను పరీక్షిస్తుండగా పేలుడు జరిగి 19 మంది పోయారు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేను బరువు పరీక్షలో కూలి 11 మంది పోయారు. వారిలో ఏడుగురు కాంట్రాక్టు సంస్థల మనుషులు. రెండూ పరీక్షల వేళ జరిగినవే. ట్యాంకు కడగడం కూడా రోజూ వుండే పని కాదు. అలాంటి రోజుల్లోనే బయటి కూలీలను ఎక్కువగా పిలుస్తారు. కనుక ‘ఈరోజు పనేమిటి, గాలి ఎవరు చూశారు, బయట ఎవరుంటారు?’ అని మేస్త్రీని అడగడం పిరికితనం కాదు, అడిగే హక్కు వుంది.

గేటు పాసు వేరు, ఈఎస్‌ఐ నంబరు వేరు. ఈఎస్‌ఐ వర్తించే చోట నెలకు 21 వేల రూపాయల లోపు జీతగాళ్లకు పనిలో చేరిన మొదటి రోజున దెబ్బ తగిలినా వైద్యం వుంటుంది, పనికి పోలేని రోజులకు జీతంలో నూటికి 90 పాళ్లు వస్తుంది. మల్కాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి వుంది. ఆ నంబరు కాగితం ఇంట్లో ఆడవాళ్ల దగ్గర కూడా ఒకటి వుంచి బస్సెక్కడం మంచిది.